ఆచంద్రార్కం అని రాయించుకున్న నేల

మా వైపు పాత క్రయదస్తావేజు ఏది విప్పి చదివినా నడిమధ్యలో ఒక వరస తగులుతుంది. నిధి నిక్షేప జల పాషాణ అక్షీణి ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగ తేజస్స్వామ్యములతో, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రార్కంగా మీరు అనుభవించుకోవలసినది. మదనపల్లెలో నేను దస్తావేజు రాత నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు నా చేతికి కలం ఇవ్వకముందే ఈ వరసను అప్పజెప్పించుకునేవారు. 1998లో కార్డ్ పథకం కింద సబ్ రిజిస్ట్రారు ఆఫీసులకు కంప్యూటర్లు రావడం మొదలైంది. చేతిరాత తగ్గిపోయింది గానీ ఈ వరస టైపులోకి మారి అలాగే ఉండిపోయింది.

ఆ ఎనిమిదింటిలో నేలలో పాతిన సొమ్ముంది, నీళ్లున్నాయి, రాళ్లున్నాయి, రేపు రాబోయే ఆదాయముంది. అమ్మినవాడు ఏదీ మిగుల్చుకోడు. కొన్నవాడు చెట్లు కొట్టించినా, గుట్టను కంకర చేసినా పాత పట్టాదారు నోరెత్తడానికి లేదు. నా బల్ల దగ్గర కూర్చున్నవాళ్లంతా ఈ హక్కులు పోగుచేసుకోవడానికి వచ్చినవాళ్లే. రామసముద్రం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం వాటిలో రెండింటిని, జలాన్నీ పాషాణాన్నీ, ఎవరి చేతికీ చిక్కకుండా కట్టిపెట్టమన్నాడు.

ఆయనది పదకొండెకరాల మెట్ట పట్టా. అందులో సగానికి పైగా గుట్ట. గుట్ట కాళ్ల దగ్గర చింతతోపు, తోపు దిగువన చిన్న కుంట. గుట్ట మీద పడిన వాన రాతి సందుల్లోంచి మెల్లగా జారి కుంటలోకి దిగుతుంది. ఊరి బావులకు ఊట అక్కడినుంచే. గ్రానైట్ వాళ్లు వచ్చి బండను సుత్తితో కొట్టి చూసుకొని పోయారు. కొడుకులు బెంగుళూరులో, కూతురు చిత్తూరులో. "నేనుండేదాకా ఎవురూ చెయ్యి పెట్టరు సామీ. నా తరవాత గుట్టని పగలగొట్టకుండా, తోపు కొట్టకుండా రాయాల. నా బిడ్డలైనా సరే, రేపు కొన్నోడైనా సరే" అన్నాడు.

ఆయన అడిగినదానికి మా దగ్గర అచ్చు నమూనా లేదు. కానీ ఆ కోరిక ఈ సీమకు కొత్తదేం కాదు. ఆయన కాగితం కోసం పాత ఇనాం రిజిస్టర్లూ, శాసనాల సంపుటాలూ తిరగేస్తూ పోయినకొద్దీ, ఇక్కడివాళ్లు వెయ్యేళ్లుగా ఇదే పని చేస్తూ వచ్చారని తెలిసింది. ఎవరి రాత నిలిచింది, ఎవరిది చెరిగిపోయింది అన్నది చూస్తే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అది చెప్పడానికే ఈ వ్యాసం.

తిరుమల గుడిలో పల్లవ రాణి సామవాయి శాసనాలున్నాయి. 966 నాటివని పండితుల లెక్క. ఆమె వెండి విగ్రహం చేయించింది, నగలిచ్చింది, వాటితోపాటు ఉత్సవాలు నడవడానికి భూమి ఇచ్చింది. ఆ విగ్రహమే ఇప్పటికీ ఏకాంతసేవలో పవ్వళించే భోగశ్రీనివాసమూర్తి. తిరుమల శాసనాలను దేవస్థానం తరఫున చదివి 1930ల్లో సంపుటాలుగా వెలువరించడంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కష్టం పెద్దది. వాటిలో చాలా శాసనాలు "ఇది శ్రీవైష్ణవుల రక్ష" అన్న అర్థంతో ముగుస్తాయి. దస్తావేజు రాసేవాడి కంటికి అదే అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క. ఇచ్చింది ఎవరో, పుచ్చుకున్నది ఎవరో చెప్పి ఊరుకోలేదు. కాపలా ఎవరిదో కూడా రాయించారు.

విజయనగర కాలానికి వచ్చేసరికి ఈ పద్ధతి ఇంకా పదునెక్కింది. చంద్రగిరిని ఏలిన సాళువ నరసింహుడి నాటినుంచి భక్తులు స్వామికి ఊళ్లూ, రొక్కమూ ఇచ్చారు. ఆ రొక్కాన్ని గుడివాళ్లు పెట్టెలో దాచలేదు. దేవుడి మాన్యపు ఊళ్లలో చెరువులు తవ్వించడానికీ, కాలవలు తీయించడానికీ ఖర్చుపెట్టారు. పెరిగిన పంటలోంచి దాత పేరున నైవేద్యం నడిచేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు దక్కేది. బర్టన్ స్టెయిన్ అనే అమెరికా చరిత్రకారుడు 1960లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. నాలుగో వంతు ప్రసాదం అంటే తినడానికి మాత్రమే అనుకోకూడదు. దాన్ని మరొకరికి రాసివ్వవచ్చు, వారసులకు వదలవచ్చు. కాబట్టి దాత మనవడు కూడా ఆ చెరువు నిండిందా లేదా అని కనుక్కుంటూనే ఉంటాడు.

మా పాత రిజిస్టర్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దశబంధం. కడప, చిత్తూరు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లో చెరువులు ఎక్కువ భాగం రాజులు తవ్వించినవి కావు. ఊళ్లో కాస్త కలిగినవాడు తన సొమ్ముతో కట్ట వేయిస్తాడు. అందుకు బదులుగా ఆ చెరువు కింద పండే భూమి శిస్తులో పదోవంతు ఆయనకు వదిలేస్తారు. పదోవంతుకు తగిన చెక్కను విడిగా కొలిచి ఇస్తే అది ఖండం దశబంధం. ఆయకట్టు మొత్తం మీద వచ్చే శిస్తులో వాటా ఇస్తే అది షామిలాత్ దశబంధం. ఇచ్చేది ఊరికే ఇవ్వరు. కట్ట తెగకుండా, తూము పూడకుండా, మొరవ కూలకుండా చూసుకున్నంతకాలమే ఆ ఇనాం. చెరువును పాడుపెడితే ఇనాం పోతుంది. 1850ల చివర ఇంగ్లీషు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ ఊరూరా కూర్చొని ఇనాములన్నీ విచారించింది. అప్పుడు కూడా దశబంధాలను ఇదే షరతు మీద ఖాయం చేశారు. ఇనాం ఫెయిర్ రిజిస్టరులో ఆ గడులు చూస్తే ఇప్పటికీ కళ్లకు కడుతుంది: చెరువు పేరు, కట్టించినవాడి పేరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడి పేరు, ఆ పక్కన చెరువు బాగోగులు.

ఇది ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. భూమి చేతులు మారినా బాధ్యత భూమిని అంటిపెట్టుకొనే పోతుంది. కొడుక్కి దక్కినా, కొన్నవాడికి దక్కినా పదోవంతు తినేవాడే పార పట్టించాలి. ఆచంద్రార్కం అన్న మాటకు సూర్యచంద్రులు సాక్షులుగా మాత్రమే నిలుస్తారు. ఆ మాటను నిజం చేసేది ఏటేటా దాని మీద ఫలం తినే మనిషి, ఆ ఫలానికి కట్టిన షరతు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు 1369లో భాస్కరుడనే విజయనగర రాజకుమారుడు తవ్వించినది. రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని ఆ గట్టు దగ్గరి శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఏమేం కుదరాలో, ఏవి దోషాలో కూడా అందులో చెక్కించారు. ఆరున్నర వందల ఏళ్లు గడిచినా ఆ చెరువు కింద పొలాలు పారుతున్నాయి. మన పెద్దలు సప్తసంతానాలు లెక్కపెట్టినప్పుడు కొడుకుతోపాటు చెరువునూ, గుడినీ, తోటనూ కలిపి చెప్పడం అందరికీ తెలిసిందే. తోపు వేసినవాడికి కొడుకు లేకపోయినా గతులుంటాయని నమ్మారు. పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్లలో తోపు పోరంబోకు అని కనిపించే సర్వే నంబర్లు చాలావరకు అలా బాటసారుల కోసం వేసిన చింతలూ, మామిళ్లే. వాటిలో ఎన్నిటి మీద ఇప్పుడు ఇళ్ల వరసలున్నాయో మా ప్రాంతంలో నడిచి చూస్తే చాలు. తోపు ఊరందరిదీ అయింది గానీ కాయ కోసుకొని కాపలా కాసే బాధ్యత ఒకరిది కాలేదు.

1882 మా వృత్తికి పెద్ద మలుపు. ఆ ఒక్క ఏడాదిలోనే ఆస్తి బదలాయింపు చట్టం, ట్రస్టుల చట్టం, ఈజ్‌మెంట్ల చట్టం, మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. ఈజ్‌మెంట్ల చట్టం మొదట అమల్లోకి వచ్చిన కొద్ది ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. అంటే మన తాతల బాటల గొడవలు, నీళ్ల గొడవలు దాని కిందికే వచ్చాయి. అడవి అయితే సర్కారుది, పట్టా అయితే పట్టాదారుది అని రెండుగా చీలింది. దశబంధంలో ఉన్న మధ్యదారి ఈ కొత్త చట్టాల్లో ఎక్కడా ఒదగలేదు.

పెద్దాయనకు నేను మొదట చెప్పాల్సింది అదే. దానపత్రం రాసి, దాని చివర దీన్ని ఎన్నడూ అమ్మరాదు అని చేరిస్తే ఆ ముక్క చెల్లదు. బదలాయింపు చట్టం పదో సెక్షను అమ్ముకునే హక్కును పూర్తిగా అణిచే షరతును రద్దు చేస్తుంది. పదకొండో సెక్షను ప్రకారం ఆస్తిని పూర్తిగా ఇచ్చేసి ఇలాగే వాడుకోవాలి అని కట్టడి పెట్టినా చెల్లదు. పద్నాలుగో సెక్షను ఇంకా ఇంకా పుట్టబోయేవాళ్ల తరాల దాకా ఆస్తిని ముడివేయనివ్వదు. చచ్చినవాడి చెయ్యి బతికున్నవాళ్ల భూమిని పట్టుకొని ఉండకూడదని ఆ చట్టం ఉద్దేశం. అది తప్పనడం లేదు. ఒక తాత మొండిపట్టు వల్ల పదిమంది మనవళ్లు ఆకలితో పడి ఉండకూడదు కదా. అయితే గుట్టను గుట్టగా ఉంచాలన్న కోరిక కూడా ఆ వలలోనే చిక్కుకుంది.

ఇదే చిక్కు ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ వచ్చింది. వాళ్లు దాన్ని విప్పుకున్న తీరు మనవాళ్లు చదవాల్సింది. మసాచుసెట్స్‌లో 1891లో చార్లెస్ ఇలియట్ పూనికతో అందమైన చోట్లను కొని ప్రజల కోసం పట్టి ఉంచే సంఘం ఒకటి పుట్టింది. నాలుగేళ్లకు, 1895లో, ఇంగ్లండులో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, రాన్స్‌లీ అనే ముగ్గురు నేషనల్ ట్రస్టు పెట్టారు. 1907లో పార్లమెంటు ఆ ట్రస్టు కోసమే ఒక చట్టం చేసి, దాని భూముల్ని అమ్మరానివిగా ప్రకటించుకునే అధికారం ఇచ్చింది. అమెరికాలో ఇంకో అడుగు వేశారు. రైతు భూమి తన దగ్గరే ఉంచుకుంటాడు, దున్నుకుంటాడు, అమ్ముకుంటాడు. క్వారీ తవ్వే హక్కు, ఇళ్ల ప్లాట్లు వేసే హక్కు మాత్రం విడదీసి ఒక ట్రస్టుకు రాసిస్తాడు. ట్రస్టు ఆ హక్కును వాడదు, ఎవరినీ వాడనివ్వదు. మన అష్టభోగాల లెక్కలో చెప్పాలంటే పాషాణాన్ని ఒక్కదాన్ని పక్కకు తీసి కాపలాదారు చేతిలో పెట్టడం. పాత ఇంగ్లీషు న్యాయంలో పక్కన సొంత భూమి లేనివాడికి అలాంటి హక్కు చెల్లదు. అమెరికా రాష్ట్రాలు చట్టాలు చేసి ఆ అడ్డు తీసేశాయి. 1981లో వాటికి ఒక నమూనా చట్టం కూడా తయారైంది. మన 1882 చట్టం నాలుగో సెక్షను ఇప్పటికీ పక్కభూమి ఉండాల్సిందే అంటుంది. ఈ ఒక్క సెక్షనుకు సవరణ వస్తే మా జిల్లాల్లో ఎన్ని గుట్టలు, ఎన్ని కుంటలు నిలబడతాయో అని నాకు ఆరాటం.

చట్టం బలవంతంగా అడవిని కాపాడబోయిన సందర్భం కూడా మాకుంది. కార్వేటినగరం, పుంగనూరు, కంగుంది, శ్రీకాళహస్తి జమీందారీల్లో కొండలూ అడవులూ జమీందార్ల చేతిలో ఉండేవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలతోపాటు ఈ జమీందారీలూ వచ్చి కలిశాయి. జమీందారీలు రద్దవుతాయన్న మాట పుట్టగానే మద్రాసు రాష్ట్రంలో చాలామంది జమీందార్లు కలప కాంట్రాక్టర్లను పిలిపించారు. ఎలాగూ పోయే అడవి, పోయేలోపు డబ్బు చేసుకోవాలన్న తొందర. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టం తెచ్చి, ఎస్టేట్లలోని అడవిని కలెక్టరు అనుమతి లేకుండా అమ్మకూడదని, నరకకూడదని కట్టడి చేశారు. తనది కాకుండా పోతుందని తెలిసినవాడి చేతిలో చెట్టు నిలవదు. ఆ ఏళ్లు నేర్పింది అదే. తర్వాత 1956 చట్టంతో మైనర్ ఇనాములు చాలావరకు రైత్వారీ పట్టాలయ్యాయి. భూమి మీద రైతుకు గట్టి హక్కు వచ్చింది, అది న్యాయమే. దానితోపాటు దశబంధాల నాటి కట్టుబాటు జారిపోయింది. కట్టల బాధ్యత ఇరిగేషన్ శాఖ మీదికీ, పంచాయతీల మీదికీ పోయింది. ఏ చెరువు కింద ఎవరు పార పట్టాలో ఊరికి మరుపొచ్చింది.

దానమిచ్చిన భూమి కూడా కాపలా లేకపోతే ఏమవుతుందో భూదానంలో చూశాం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబాకు వందెకరాలు ఇచ్చినప్పుడు దేశమంతా పులకించింది. ఆ తర్వాత భూదానం కింద వచ్చిన భూముల్లో ఎన్నో చేతులు మారి, కోర్టు కాగితాలుగా మిగిలాయి. ఇచ్చినవాళ్ల మనసులో లోటు లేదు. పుచ్చుకున్న సంస్థకు ఊరూరా కాళ్లు లేవు.

ఇక మా మదనపల్లెకు పది మైళ్ల దూరంలో ఉన్న రిషీవ్యాలీ గురించి తీరిగ్గా చెప్పాలి. నేను చూసినవాటిలో నిలిచిన ఏర్పాటు అదే.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. తండ్రి నారాయణయ్య గారిది రెవెన్యూ ఉద్యోగం. 1925–26 ప్రాంతంలో కృష్ణమూర్తి విద్యాలయం కోసం చోటు వెతుకుతూ తెట్టు ఊరి దగ్గర పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను చూసి ముచ్చటపడ్డారు. రైతుల దగ్గర చెక్క చెక్కగా భూమి కొని కూర్చే పని సి.ఎస్. త్రిలోకేకర్ నెత్తిన వేసుకొని ఊరూరా తిరిగారు. అలా మూడువందల ఎకరాలకు పైగా కూడింది. ఒక సర్వే నంబరులో నలుగురు అన్నదమ్ములు, ఆ నలుగురిలో ఒకరు ఊళ్లో లేకపోవడం, హద్దు రాయి కనబడకపోవడం, ఇవన్నీ పడ్డవాడికే తెలుస్తాయి. 1928లో రిషీవ్యాలీ ట్రస్టు ఏర్పడింది. మద్రాసు గిండీలో నడుస్తున్న బడి 1931లో లోయకు వచ్చింది. తొలి రోజుల్లో దాన్ని నిలబెట్టిన ప్రధానోపాధ్యాయుడు జి.వి. సుబ్బారావు గారు.

అప్పటి ఆ నేల ఎండిన మెట్ట. గుండ్లు పేర్చినట్టున్న కొండలు, మేకలు మేసి నున్నచేసిన వాలు. అడవి వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. దశాబ్దాల తరబడి చెట్లు నాటుకుంటూ, వాన నీళ్లు ఆపుకుంటూ, వాలు మీద మేపు తగ్గించుకుంటూ తెచ్చుకున్నది. 1991లో ఆ లోయను పక్షుల రక్షణస్థలంగా ప్రకటించుకున్నారు. అక్కడ పాఠాలు చెప్పిన ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్‌తో కలిసి ఆ లోయ పక్షుల మీదా, వాటి ఆవాసాలు మళ్లీ చిగురించిన తీరు మీదా 1993లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. ఆ కొండల్లో పసుపుగొంతు పికిలిపిట్ట ఉంటుంది. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని పిట్ట. 1845లో జెర్డన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దానికి శాస్త్రీయంగా పేరుపెట్టాడు. దాని ఇల్లు గుండ్ల మధ్య పొద. కాబట్టి క్వారీ వస్తే మొదట ఇల్లు పోయేది దానికే.

కాగితం సంగతికొస్తే, భూమి ట్రస్టు పేరు మీద ఉంది. ఆ ట్రస్టు 1953లో ఫౌండేషన్ ఫర్ న్యూ ఎడ్యుకేషన్ అయింది, 1970లో కృష్ణమూర్తి ఫౌండేషన్ ఇండియా అయింది. 1986లో కృష్ణమూర్తి కన్నుమూశారు. పంపకాల ప్రసక్తే రాలేదు. ట్రస్టుకు కొడుకులుండరు, భాగపరిష్కారాలుండవు. అయినా నేను దాన్ని ట్రస్టు గొప్ప అని చెప్పను. ట్రస్టు పేరున ఉండి ముళ్లకంపలు మొలిచిన స్థలాలు మా దగ్గర కావాల్సినన్ని ఉన్నాయి. ఆ లోయలో బడి ఉంది. ప్రతి ఏడూ కొత్త పిల్లలు వస్తారు. ఆ చెట్ల నీడ వాళ్లకు కావాలి, ఆ నీళ్లు వాళ్లు తాగాలి, ఆ పిట్టల్ని లెక్కపెట్టడం వాళ్ల చదువులో భాగం. దశబంధంలో పదోవంతు ఏ పని చేసిందో అక్కడ ఆ బడి అదే పని చేస్తోంది.

చట్టం కూడా ఈ దారి ఒక్కదాన్ని తెరిచి ఉంచింది. బదలాయింపు చట్టం పద్దెనిమిదో సెక్షను ప్రకారం మతం, విద్య, ఆరోగ్యం, ప్రజల మేలు కోసం ఇచ్చిన ఆస్తికి ఆ పద్నాలుగో సెక్షను కట్టడి లేదు. ప్రజల మేలు కోసం పెట్టిన ట్రస్టు ఎన్ని తరాలైనా ఉండొచ్చు. ధర్మకర్తలు తప్పు చేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షను కింద దానితో సంబంధమున్న ఇద్దరు కోర్టు అనుమతి తీసుకొని దావా వేయవచ్చు. ఇదివరకు అడ్వకేట్ జనరల్ రాతపూర్వక సమ్మతి కావాల్సి వచ్చేది. 1976 సవరణతో కోర్టు అనుమతి ఉంటే చాలు అయింది. ఇద్దరు ఊరివాళ్లు చాలన్నమాట. శాసనంలోని శ్రీవైష్ణవ రక్షకు ఈ కాలపు రూపం నాకు ఆ సెక్షనులో కనిపిస్తుంది.

పెద్దాయన కాగితం ఈ ఆధారాల మీదే అల్లాం. ముందు అది పిత్రార్జితమా, స్వార్జితమా తేల్చుకున్నాం. పిత్రార్జితం అయ్యేసరికి బిడ్డలందరినీ పిలిపించాల్సి వచ్చింది. ఎన్టీఆర్ హయాంలో వచ్చిన 1986 సవరణ వల్ల కూతురికీ సమాన హక్కుంది, ఆమె సంతకం లేకుండా ఏదీ నిలవదు. నిజానికి మొదట ఒప్పుకున్నది ఆ చిత్తూరు కూతురే. గుట్టనూ, కుంటనూ ప్రజాహిత ట్రస్టుకు రాశాం. చింతతోపు మాత్రం బిడ్డల పేరనే ఉంచాం. అది కావాలని చేసింది. పదకొండో సెక్షనులోనే ఒక వెసులుబాటు ఉంది. పక్కనున్న మరో భూమి అనుభవం బాగుండటానికి అవసరమైతే, ఇచ్చిన భూమి వాడకం మీద కట్టడి పెట్టవచ్చు. గుట్ట పగిలితే ఊట పోతుంది, ఊట పోతే తోపు ఎండుతుంది. కాబట్టి గుట్టను పగలగొట్టరాదు అన్న షరతుకు తోపు ఆధారమైంది, ఆ షరతును నిలదీసి అడిగే హక్కు తోపు యజమానులకు వచ్చింది. తోపు మీద కుంట పేరున ఒక చార్జి కూడా రాశాం. ఏటా చింతపండు వేలం డబ్బులో పదోవంతు కుంట కట్టకూ తూముకూ పోవాలి. ధర్మకర్తల్లో ఒకరు ఆ ఇంటివాళ్లు, ఒకరు హోదా రీత్యా ఊరి బడి హెడ్మాస్టరు, ఒకరు కుంట కింద బావులున్న రైతులు ఎన్నుకున్న మనిషి. ఉగాదినాడు రచ్చబండ దగ్గర లెక్క చదవాలి. పదోవంతు అన్న అంకె విని పెద్దాయన, "మా తాత గూడా దశబంధం తినేవాడంట సామీ, చెరువు పేరు తెల్దు" అన్నాడు.

ఇంత రాసినా కొన్ని చోట్ల కాగితం బలం చాలదు. ప్రజావసరం పేరున 2013 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వం తీసుకుంటే ఏ ట్రస్టు డీడూ అడ్డుపడదు. కాగితం కాపాడుకోవడమూ ఒక పనే. 2024 జూలై 21 రాత్రి మా మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఆ వారమంతా జనం పాత నకళ్లు సంచుల్లో పెట్టుకొని తిరగడం చూశాను.

సొంత భూమిని వన్యప్రాణుల కోసం ఉంచాలనుకునేవాళ్లకు మరో దారి కూడా ఉంది. దాని సంగతి మా ప్రాంతంలో వకీళ్లకు కూడా అంతగా పట్టలేదు. 1972 వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణలో 36సి అనే సెక్షను చేరింది. ఒక ఊరు గానీ, ఒక వ్యక్తి గానీ తమంతట తాము ముందుకొస్తే ఆ భూమిని కమ్యూనిటీ రిజర్వుగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవచ్చు. పట్టా యజమాని పేరునే ఉంటుంది. నిర్వహణ కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా ఆ భూమి వాడకాన్ని ఎవరూ మార్చలేరు. 2022 సవరణలో ప్రైవేటు భూమి అయితే ఆ కమిటీలో యజమాని, అటవీశాఖ మనిషి, పంచాయతీ ప్రతినిధి ఉండాలని తేల్చారు. అంటే యజమానికి కుర్చీ ఖాయం. మన పక్కనే కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరు 2007లో అలా ప్రకటించిన ఊరు. అక్కడ కొంగలూ, గూడబాతులూ ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. చెట్లు ఊరివాళ్లవే. రెట్టపడి చింతకాయ చెడుతుంది గనక అటవీశాఖ చెట్టు యజమానికి పరిహారం ఇస్తుంది. పిట్టకు గూడు, రైతుకు చింతపండు నష్టం రాకుండా డబ్బు. ఇక్కడ కూడా మళ్లీ అదే పదోవంతు లెక్క.

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు తమ వంశపారంపర్యపు డెబ్బై ఎకరాలను అడవిగా వదిలేశారు. ఆయన బ్యాంకు ఉద్యోగం మానుకొని నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద జలసాధన సమితి నడిపిన మనిషి. ఆ అడవి ఇప్పుడు ఆయన పట్టుదల మీద నిలబడి ఉంది. అలాంటి చోట్లకు 36సి కింద ప్రకటన వస్తే ఆ పట్టుదలకు కాగితం తోడవుతుందని నా ఆశ.

ఈమధ్య పుంగనూరు వైపు నుంచి ఇద్దరు, పలమనేరు దగ్గర కౌండిన్య అడవి అంచున పొలమున్న ఒకామె ఇదే పని మీద అడిగి పోయారు. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లు వచ్చేటప్పుడు ఎఫ్‌.ఎం.బి. నకలు, అడంగల్, 1బి, ముప్పై ఏళ్ల ఈసీ తెచ్చుకోండి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో ముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి. డీకేటీ పట్టా అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం అడ్డొస్తుంది, ఆ సంగతి మొదటే చెప్పండి. గుట్ట మీద, వంక పక్కన ఏయే చెట్లున్నాయో ఊరివాళ్లు పిలిచే పేర్లతోనే రాసుకురండి, షెడ్యూలులో అవే పేర్లు వేద్దాం. బిడ్డల్ని వెంటబెట్టుకొని రండి. సంతకం అవసరం ఉన్నా లేకున్నా, కాగితం చదివేటప్పుడు వాళ్లు పక్కన కూర్చోవాలి.